తరుగు

ఆదోనిలో పత్తి అమ్మినోడికి
తరుగంటే ఏందో చెప్పే పన్లేదు.
కాటా మీద నూరు పెడితే
చీటీ మీదికి నూరు రాదు.
తేమంటారు, గింజంటారు, దుమ్మంటారు,
ఏమీ దొరక్కుంటే ఆనవాయితీ అంటారు.

కరెంటుదీ అదే కత.
గోడ దగ్గర మూడునూర్ల ఏడు వాట్లు తాగి
నల్లడబ్బా బయటికిచ్చేది రెండునూర్ల నలభై.
తక్కిందంతా వేడి.
యాడికి పోయిందో చెయ్యి పెడితే తెలుస్తాది,
మార్కెట్లో ఆ మాత్రం గూడా తెలీదు.

ఫిబ్రవరి నెల. అంగడి షట్టరు సగానికి దించి
పైఫ్యాను ఆపేసి
రాత్రి పదకొండు దాటేదాకా కాసుకున్యా.
ఆటోలు పోవాల, ఎదురింటి టీవీ ఆగాల,
కుక్కలు ఒక మాట మీదికి రావాల.
అప్పుడు గదా సప్లై గొంతు వినపడేది.

కడప బండ మీద నాలుగు జీపు బల్బులు,
ఒక్కోటి అరవై వాట్లు.
పచ్చ వైరూ నల్ల వైరూ కలిపి
గుండుపిన్ను వంచి గుచ్చితే
కంప్యూటర్ లేకుండానే సప్లై లేస్తాది,
తల లేని మొండెం లేచి కూచున్నట్టు.
వోల్టేజి నూట తొంభై ఎనిమిది, మా వీధికి అదే ఎక్కువ.
నా మొగం తెల్లగా, గోడ తెల్లగా,
గోడకు తగిలించిన నాయన విల్లు తెల్లగా.

నాయన దూది ఏకేటప్పుడు
విల్లు నరం మోగే తీరును బట్టి
చెప్పేటోడు, పత్తి పచ్చిగుందని.
నాకు సెల్‌ఫోనులో ఒక మీటరుండాది.
ఉత్త గది ముప్పై మూడు అంటాది,
నేను గాలి పీలిస్తే ముప్పై ఆరు.
అందుకే ఊపిరి బిగబట్టి రాసుకున్యా:

పాత సప్లై, నూటికి డెబ్బై ఎనిమిది, సద్దు నలభై తొమ్మిది.
కొత్తది, నూటికి ఎనభై ఏడు, సద్దు ముప్పై ఐదు.
కొత్తదాంది ఫ్యాను సద్దు గాదు, పక్క రూములో
ఎవరో బట్టలు మడతపెడ్తాన్నట్టుండాది.
పాతదానికి బేరింగు అరిగి
ప్రతి చుట్టుకూ ఒకతూరి కీచుమంటాది,
ఏదో మర్చిపోయి గుర్తొచ్చినట్టు.

పొద్దున్నే వచ్చినాడు ఉచ్చీరప్ప.
జిన్నింగు మిల్లులో రాత్రి గుమాస్తా,
ముప్పై ఒక్క ఏండ్ల సర్వీసు.
నోటుబుక్కు తెరిచి సంబరంగా చూపిస్తి.
"కొత్తది తీసుకోప్పా. ఉన్నట్టే తెలీదు."

రెండూ ఆడించమన్యాడు.
కొత్తదాని దగ్గర తల వంచి చానాసేపు నిలబడ్నాడు,
నాడి దొరకని చెయ్యి పట్టుకున్నట్టు.
"ఆడ్తాందా?"
"ఆడ్తాంది."
"యాడ?"

తర్వాత చెప్పినాడు.
ఇరవై నాలుగు జిన్నులు ఒక్కపారి తిరిగేటప్పుడు
పక్కనోడి మాటను పెదాల మీద చదువుకునేదంట.
ఈ యేడు ఆరే తిరుగుతాండయంట, అదీ పగలు.
రాత్రయితే మిల్లంతా ఉలుకూ పలుకూ లేదంట.
ఆఫీసు రూములో ఆయప్పా, ఒక బల్లీ, కంప్యూటరూ.
"సద్దుంటే ఉండాదని తెలుస్తాది.
లేకుంటే ఇదీ నిలబడిపాయనేమో అని
గడేగడేకూ లేసి చూడాల గదప్పా."

కరెంటు బిల్లు లెక్క చెప్తి.
నూటికి తొమ్మిది ఉత్తపున్యానికి పోతాదంటి.
నవ్వినాడు.
"తరుగు నాకు కొత్తనా?"

పాతదే చంకన పెట్టుకోని పోయినాడు.
బేరింగులో ఒక చుక్క నూనె వేస్తానంటే
వద్దన్యాడు.

కొత్తది బండ మీద మిగిలింది.
ఆ రాత్రి ఊరికే పిన్ను గుచ్చినా, బల్బుల్లేకుండా.
బరువు లేకుంటే దాని ఫ్యాను తిరగను గూడా తిరగదు.
ఊపిరి బిగబట్టి చెవి ఆనించినా.
ముప్పై మూడు.
మిల్లు దిక్కు నుంచి ఏమీ రాలేదు.
లేసి, నాయన విల్లు నరాన్ని
వేలితో ఒకతూరి మీటి,
అది ఆగేదాకా కూచున్యా.