ఎడమ చెయ్యి

ఈ నెలాఖరుకి
సంతకాలు పెట్టే చెయ్యి రిటైరవుతుంది.
ఎడమదాని సంగతి ప్రభుత్వానికి తెలియదు.

సర్వీసు పుస్తకంలో ఎక్కడా లేదది.
ముప్పై నాలుగేళ్లు
భుజం దాకా సబ్బునురగ పూసుకుని
చీకట్లో చూసింది అదే.
రెండో నెలకి చిట్టెలుకంత,
మూడుకి పందికొక్కంత,
నాలుగుకి పిల్లికూనంత.
ఇంకా పుట్టని పాలను వేళ్లతో తూచింది.

కొత్తలో రాజోలు అవతలి లంకలకి
పంటు మీద సైకిలు,
సైకిలు మీద నైట్రోజన్ క్యాను.
మూత తీస్తే తెల్లటి పొగ.
"ముర్రా దున్నపోతు ఇందులో ఉందాండీ?"
ముసలాయనొకడు వంగి చూసేవాడు.
ఉందనేవాణ్ణి.
పది నెలలు తిరిగేసరికి
ఆసుపత్రి మెట్ల మీద జున్నుపాల గిన్నె,
ఎవరు పెట్టారో చెప్పకుండా.

తొంభై ఆరు తుపాను తెల్లారి మాత్రం
క్యాను బయటికి తియ్యలేదు.
విరిగిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ
నేనూ ఏసురత్నమూ
కట్టుకొయ్యలకే ఉండిపోయిన గేదెల్ని లెక్కపెట్టాం.
నూట పదిహేడు దగ్గర
"ఇంక మీరు లెక్కెట్టండి" అని
ఏటిగట్టు మీద కూలబడ్డాడు.
పలుపు విప్పే వ్యవధి ఎవరికీ లేదా రాత్రి.
అప్పట్నించీ ఏ పాకలోకెళ్లినా
పశువుకన్నా ముందు ముడి చూస్తాను.

ఇవన్నీ చెబితే సన్మానంలో చప్పట్లు కొడతారు.
చెప్పనిదొకటుంది.

పాత రిజిస్టరు, డెబ్భై రెండో పేజీ.
క్యాంపు రోజు. యాభై మూడు పశువులు.
మధ్యాహ్నం రెండు దాటింది, కడుపులో ఆకలి.
పాలపర్తి పేరంటాలు, నల్లగేదె, మూడో ఈత.
చెయ్యి పెట్టాను, తీశాను.
చూడి: లేదు.
రెండక్షరాలు.

ఆవిడ కదల్లేదు.
"మళ్లీ ఎదకి రాలేదండి బాబూ" అంది.
"వట్టిదేనమ్మా" అన్నాను,
వెనకాల గేదెని రమ్మని చెయ్యూపుతూ.

సంతలో తోలేసింది.
వారం తిరక్కుండా కబేళా మస్తాను
టీ కొట్టు దగ్గర నవ్వుతూ చెప్పాడు,
"కడుపులో దూడ డాక్టరుగారూ, ఎంతుందో తెలుసా?"

తెలుసు.
పిల్లికూనంత.

ఆవిడకి చెప్పలేదు.
రేవులో కనబడితే ఎప్పట్లాగే
"బావున్నారాండీ" అనేది.
పోయిందాకా అలాగే అంది.

ఇప్పుడా పాక ఉన్నచోట రొయ్యల చెరువు.
ఏరేటర్లు రాత్రంతా నీళ్లు చిలుకుతాయి,
వెన్న మాత్రం పడదు.
పిల్లిపెసర చల్లే చేను లేదు.
వ్యానులో ప్యాకెట్ పాలొస్తాయి.
మా దగ్గరికి ఎక్కువగా
కుక్కపిల్లల్ని పట్టుకొస్తారు, సూదికి.

నిన్న కొత్త డాక్టరమ్మ హిమజకి
తాళాలిచ్చాను, రిజిస్టర్లిచ్చాను.
"ఇంకేమైనా చెప్తారా సార్?" అంది.

ఆకలి మీద చూడి చూడకమ్మా, అన్నాను.
పశువు గలావిడ ఆగి నిలబడితే
మళ్లీ చెయ్యి పెట్టు.

"స్కానరొచ్చింది కద సార్" అంది నవ్వి.

వచ్చింది.
ఆకలీ వస్తుంది, రెండయ్యేసరికి.