ఇరవై రెండో ప్రశ్న

కరక్ కొండ మీద జనవరి.
కిరోసిన్ పొయ్యి అంటించాక
తరగతిలో ముందు వేడెక్కేది వాసనే.
ముప్పై ఒక్క మంది ఆడపిల్లలు, పదిహేనేళ్ల వాళ్లు,
కోటు చేతుల్లోకి వేళ్లు లాక్కుని కూర్చున్నారు.
నా సంచిలో ముప్పై ఒక్క కాగితాల కట్టలు.

ఈ కాగితాల వెనక ఒక బల్ల ఉంది.
దాని చుట్టూ ఆరు నెలలు, ఐదుగురం,
మర్యమియా ఆకు వేసిన టీ చల్లార్చుకుంటూ
ఒక్క మాట దగ్గర ఆగిపోయాం: కొట్టారా?
పుస్తకాల అరబ్బీలో రాస్తే
వార్తలు చదివే గొంతులా ఉంది.
ఆ భాషలో ఏ ఇంట్లోనూ ఎవరూ ఎవరినీ కొట్టరు.
ఇంటి మాటలోనే రాద్దాం అన్నాను.
డాక్టర్ వజ్దీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
ఒక ఊరి దెబ్బ
ఇంకో ఊరికి అర్థం కాదన్నారు.

ఇద్దరు అరబ్బీలోకి తెచ్చారు.
మూలం చూడని ఇంకో ఇద్దరు వెనక్కి తీసుకెళ్లారు.
వెళ్లేటప్పుడు అది 'శిక్ష'.
తిరిగొచ్చేసరికి 'మంచి పెంపకం'.
తప్పు వాళ్లది కాదు.
మా భాషలో సాహిత్యానికీ, మర్యాదకీ,
బెల్టు దెబ్బకీ వేరు ఒక్కటే.
అదబ్ అంటాం. నడిమి అక్షరం ఒత్తి పలికితే చాలు,
పద్యం చెయ్యి లేపుతుంది.
బుద్ధి చెప్పాను అంటాడు తండ్రి.
చెప్పింది నోరు కాదు.

పేరు రాయొద్దు అన్నాను పిల్లలతో.
పక్కవాళ్లది చూడొద్దు. ఇష్టం లేనిది వదిలెయ్యొచ్చు.
నాకూ ఒక నియమం ఉంది, అది వాళ్లకు చెప్పలేదు:
ప్రశ్నను విడమరచకూడదు.
మళ్లీ చదవాలి, అంతే.

గడులు కుడి నుంచి ఎడమకి.
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా.
చెయ్యి ముందు ఆగేది 'ఎప్పుడూ లేదు' మీదే.

తొమ్మిదో ప్రశ్న దగ్గర ఘుఫ్రాన్ చెయ్యెత్తింది.
"గత పన్నెండు నెలల్లో అని ఉంది, మిస్.
రంజాన్ తీసెయ్యాలా? ఆ నెల కొట్టడు."
ఎవరూ నవ్వలేదు.
నేను మళ్లీ చదివాను.
గత పన్నెండు నెలల్లో.
ఆమె వేళ్ల మీద లెక్క కట్టుకుని
ఒక గడిలో గీత పెట్టి, రబ్బరుతో చెరిపి,
అదే గడిలో మళ్లీ పెట్టింది.

కిటికీ పక్క నుంచి ఇంకో గొంతు:
"మిస్, ఇరవై ఒకటి తర్వాత ఇరవై మూడు ఉంది."
అచ్చుతప్పు అన్నాను.

కాదు.
డైరెక్టరేట్‌లో ఒకాయన మామూలు పెన్సిలుతో
ఆ వాక్యం మీద సన్నని గీత గీశాడు.
మన ఇళ్లల్లో ఇలాంటివి అడగరమ్మా, అన్నాడు
ఎంతో మర్యాదగా, రెండోసారి టీ పోస్తూ.
తాగి వచ్చాను.
అంకెలు సరిచెయ్యడం మరిచిపోయాం.
మరిచిపోయామో,
ఆ సందు నేనే కావాలని వదిలానో.

రాత్రి వంటింట్లో మార్కులు కూడుతున్నాను.
సున్నా, ఒకటి, రెండు.
ఇంతకు మించితే ప్రమాదం,
ఇంతలోపైతే పర్వాలేదు.
మూడు కట్టల్లో అన్నీ 'ఎప్పుడూ లేదు',
చదవకుండా, పై నుంచి కిందికి ఒకే గీత.
వాటిని పక్కన పెట్టాను, సున్నా అని నమ్మక.

పంతొమ్మిదో కట్ట.
ఇరవై ఒకటికీ ఇరవై మూడుకీ మధ్య
వెంట్రుకంత చోటులో
చేత్తో రాసిన 22.
పక్కన ప్రశ్న లేదు.
ఏది అడగలేదో ఆ పిల్లకు తెలుసు.
స్కేలు పెట్టి బుద్ధిగా ఒక గడి గీసుకుంది.
గడిలో టిక్కు.

పేరు రాయొద్దని చెప్పింది నేనే.

పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోయాయి.

రేపు కళ్ల పరీక్ష అంటాను.
ముప్పై ఒక్క మందినీ పిలుస్తాను, ఒక్కొక్కరినే,
అందరికీ అంతే సేపు,
ఎవరి కోసం పిలిచానో గోడకి కూడా తెలియకుండా.
ఆ గోడకే అక్షరాల అట్ట తగిలిస్తాను.
తలుపు మూస్తాను, గడియ పెట్టను.
అన్నిటికన్నా కింద ఉన్న చిన్న వరుస చదవమంటాను.
తొందరేం లేదు, అంటాను.
కనిపించినంత వరకూ చెప్పు.