పాలలో చేప

పాలూ చేపా ఒక్క పూట తింటే
ఒంటిమీద తెల్లమచ్చలు లేస్తాయని
మా మేనత్త కాసులమ్మ ఒట్టేసి చెప్పేది.
ఇవాళ ఒక్క పూట కాదు,
ఒక్క గిన్నె.

నవంబరు. బకీ రేవులో మూడున్నరకే దీపాలు.
స్కాట్లండు ఉత్తరపుగాలి
ఉత్తరాల పెట్టె మూతని టపటపలాడిస్తోంది.
కింది వాటా ఎల్స్‌పెత్ మెట్లెక్కి వచ్చింది
కాగితంలో చుట్టిన హాడక్ చేపతో.
విప్పితే ఎండుగడ్డి రంగు.
"పసుపు రాశారా?" అన్నాను.
"రంగు పూసినవి కొట్లో ఉంటాయి, పచ్చపచ్చగా.
ఇది ఉత్త పొగ," అంది,
పొగని నేను అవమానించినట్టు.

ముప్ఫైయొక్క ఏళ్ళు పొగగదిలో పనిచేసిన మనిషి.
రంపప్పొట్టు ఎప్పుడు రాజుకోవాలో
ఎప్పుడు కునుకుతీయాలో
ముక్కుతోనే తేల్చేదట.
పోయినేడు జ్వరం వచ్చి తగ్గింది,
పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది.
గులాబీ, బ్లీచింగు పొడి ఇప్పుడామెకి ఒకటే.
"నేను చెయ్యడం చెప్తాను,
నువ్వు వాసన చెప్పు."
అదీ ఒప్పందం.

ఉల్లిపాయ సన్నగా. వెన్నలో. ఎర్రబడకూడదు.
నాకేమో ఎర్రగా వేగందే అది ఉల్లిపాయనిపించదు.
గరిటెతో రెండుసార్లు దెబ్బ తిన్నాను.
మూడు బంగాళాదుంపలు:
ఒకటి మెదిగిపోవాలి, రెండు నిలబడాలి.
పక్క పొయ్యిమీద పాలు,
బిర్యానీ ఆకు ఒకటి, మిరియాలు ఏడు
(లెక్కపెట్టింది),
అందులోకి చేప, తోలు అడుక్కి.

నా చెయ్యి అక్కడే ఆగింది.
ఎల్స్‌పెత్‌కేం తెలుసు, నా వెనకాల
కాసులమ్మత్త నడుమ్మీద చేతులు పెట్టుకుని
నిలబడి ఉందని.
జారవిడిచాను.
పాలు విరగలేదు.

"ఇప్పుడు చెప్పు."
పాల వాసన, అన్నాను.
"అది పిల్లి కూడా చెప్తుంది. తర్వాత?"
తర్వాత, తడిసిన కట్టెలు. వేణ్ణీళ్ళ పొయ్యి.
తలంటుకుని సాంబ్రాణి పట్టాక
మెడవెనక జుట్టులో మిగిలేది.
"ఇంకా?"
ఇంకా ఒకటుంది. దానికి ఇంగ్లీషు నాకు రాదు.
చేపల వాసనంటే చాలదు,
కంపు అంటే అబద్ధం.
ఎంత కడిగినా గోళ్ళసందుల్లో ఉండేది.
తిన్న కంచాన్ని విడిగా బోర్లించేది.
పూజ రోజున గడప దాటనివ్వనిది,
ఆకలిని మాత్రం వీధి మొగనుంచే
చెవిపట్టి లాక్కొచ్చేది.
నీసు, అన్నాను.
"నీస్," అంది ఎల్స్‌పెత్.
వాళ్ళ మాటలో అది మేనకోడలు.
వెనక్కి తిరిగి చూశాను, ఎందుకో.

ముళ్ళు ఏరేటప్పుడు కళ్ళజోడు తీసేసింది.
అది వేళ్ళు చేసే పనట.
తోలు ఊడదీసి, ముక్కలు విడదీసి,
సన్నటి ముల్లు ఒకటి దీపానికెదురుగా పట్టి
ఎవరినో దొరకబుచ్చుకున్నట్టు నవ్వింది.
మీగడ చివర్న.
"మరిగిందో, అంతా ముక్కలు. కదిలీ కదలక ఉండాలి."
ఇద్దరం గిన్నెమీదికి వంగి
నిద్రపోయే పిల్లని చూసినట్టు చూశాం.

మొదటి చెంచా చాలాసేపు మింగలేదు.
ఉప్పు తెలిసింది. వేడి తెలిసింది.
దుంప మెత్తదనం తెలిసింది.
"నీస్ ఉందా?" అనడిగింది.
ఉంది, అన్నాను.
ఉందన్న మాటని నంజుకుని
సగం గిన్నె తినేసింది.

నేను దొంగచాటుగా
నా గిన్నెలో పచ్చిమిరప చీలిక వేసుకున్నాను.
చూడనే చూసింది.
మాట్లాడకుండా తన గిన్నె ఇటు జరిపింది.
మరో రెండు చెంచాలకి ముఖమంతా కందిపోయి,
కళ్ళూ ముక్కూ కారుతూ, దగ్గుతూ,
బల్లమీద చరిచి
"ఇది, ఇది తెలుస్తోంది!" అంది.
ఇంకో కాయ తెమ్మంది.

పొద్దున్నే కిటికీ వెలుతురులో
మోచేతులదాకా తిప్పి తిప్పి చూసుకున్నాను.
మచ్చల్లేవు, అత్తా.
గోళ్ళసందుల్లో మాత్రం ఉంది.
సబ్బు పక్కనే ఉంది. తియ్యలేదు.