నల్ల కాగితం చుట్టిన గొట్టం

ఐదు రోజులు వాయుగుండం.
రాజోలు కాలేజీ ల్యాబులో
బ్రోమిన్ సీసా బీరువాలోనే పడుంది,
గోధుమరంగు గాజులో, ఆ పైన ఇంకో చీకటిలో.
"ఎండ రావాలి గనిరాజూ" అన్నారు మాణిక్యాంబ మేడం.
కరెంటుంది కదండీ, లైటెయ్యనా అంటే
నవ్వి ఊరుకున్నారు.

ఆరో రోజు పదింటికి
కొబ్బరాకుల సందుల్లోంచి
వరండా మీద ముక్కలు ముక్కలుగా పడింది ఎండ.
రెండు గొట్టాలు పట్టుకెళ్లాను.
రెంటిలోనూ హెక్సేను,
రెంటిలోనూ వరదొచ్చిన గోదారి రంగు.
ఒకదానికి నల్ల కాగితం చుట్టి దారం కట్టాను.
రెండోదాన్ని ఉత్తినే నిలబెట్టాను.

మేడం చెప్తున్నారు:
జంటని విడదీయాలంటే
తగలాల్సినంతా ఒక్క దెబ్బలోనే తగలాలి.
చిన్న దెబ్బలు వెయ్యి కొట్టినా
అవి కూడవు.
ఎర్రదీపం తెల్లార్లూ వెలిగించినా క్లోరిను కదలదు,
నీలి వెలుగు ఒక్క రవ్వ చాలు.
విడిపోయిన సగం ఒంటరిగా ఉండలేదు,
పక్కవాడి దగ్గర లాక్కుంటుంది,
వాడు ఇంకొకడి దగ్గర,
వాడు

ఇరవై రెండేళ్లుగా గొట్టాలు కడుగుతున్నాను.
వినబడే దూరంలోనే ఉన్నా
ఈ మాట ఎప్పుడూ వినలేదు.

ఎండలో గొట్టం
ఆవిడ మాట్లాడుతుండగానే పలచబడింది.
డికాక్షను, తర్వాత తేనె,
తర్వాత ఏమీ లేదు.
మూతి దగ్గర సన్నటి తెల్ల పొగ.
తడిపిన నీలి లిట్మసు ఎర్రబడింది.

స్తంభం పక్కన నించున్న
అంతర్వేది పల్లిపాలెం పిల్ల, ఓలేటి మరిడమ్మ,
ఎన్నడూ నోరెత్తనిది, అంది:
"మా నాన్న నైలాన్ వల ఎండలో వదిలేత్తే
మా అమ్మ తిడతాదండి.
పైకి కొత్తదానిలాగే ఉంటాది,
చేప తగిలితే పుటుక్కుమంటాది.
అదీ ఇదేనాండి?"

మేడం చేతిలో చాక్‌పీసు ఆగింది.
"అదే" అన్నారు కాసేపటికి.
"మొదట తెగిందాన్ని ఎవరూ చూడరమ్మా."

దారం విప్పి నల్ల కాగితం తీశాను.
లోపల రంగు చెక్కుచెదరలేదు,
బయట ఎండ కాస్తోందని ఎరగనట్టు.
ఎందుకో, చేత్తో కప్పాను దాన్ని.

ఆ కాగితం తీసుకుని మరిడమ్మ
అటూ ఇటూ తిప్పి, సూర్యుడికి అడ్డంపెట్టి చూసి
"ఇలాంటిది నలభై గజాలు దొరుకుద్దాండి?" అంది.

ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను.
నా వేళ్ల సందుల్లోంచి ఎండ దూరి
గొట్టంలో అప్పటికే
మొదలైపోయింది.