సిరా మరక

సీసాలకు మేజోళ్లు తొడిగాం,
ఏది ఎవరిదో తెలియకూడదని.
ఒసియెల్ ఇంటినుంచి తెచ్చిన ఉన్ని మేజోళ్లు.
ఒకదానికి మడమ దగ్గర చిరుగు,
అందులోంచి పచ్చగాజు తొంగిచూస్తోంది.

రెండు ఫ్రాన్సువి, రోన్ నది ఒడ్డువి.
ఆ రెండిటి డబ్బుకు మా ఊళ్లో గాడిదొస్తుంది.
ఒకటి ఆస్ట్రేలియాది, ముత్తవ్వ వయసు తీగలది.
ఒకటి దక్షిణాఫ్రికా. ఒకటి వాషింగ్టన్.
ఆరోది మాది.
చిలీ దేశం, ఎల్కి లోయ,
పదకొండేళ్ల తీగ.

మాది అనడం తేలికే గానీ,
తాత నాటిన తెల్లద్రాక్ష పెకలించి
నేను సిరా నాటిన రోజు
అమ్మ పొయ్యి వెలిగించలేదు.
ఇక్కడ ఏడాదికి మూడు వానలు పడితే పండగ.
రాత్రి ఎంత నలుపంటే
కొండమీద టెలిస్కోపులవాళ్లు
మా వరండా బల్బు ఆర్పమని కబురు పెడతారు.

సాంతియాగో నుంచి దోన్ ఎవరిస్తో వచ్చాడు.
గ్లాసులో ముక్కు ముంచుతాడు,
ఊస్తాడు, రాస్తాడు:
మిరియం, పొగ, ఆలివ్, తడిసిన రాయి.
నాలుక మీదా సిరా, కాగితం మీదా సిరా.

నా నాలుకను నేను నమ్మలేదు.
కాకిపిల్ల కాకికి ముద్దు.
ముద్దొచ్చిన గ్లాసల్లా మాదేనని ఆశ,
వెగటనిపించిందల్లా మాదేనేమోనని భయం.

నాలుగోది తాగి ఆగిపోయాను.
నేరేడుపండ్లు తిన్నాక మిగిలే వగరు,
దాని వెనక ఎవరో అప్పుడే ఆర్పిన కట్టెల పొయ్యి.
గొంతు దిగాక కూడా
ఏదో చెప్పబోయి ఆగిన మనిషిలా ఉంది.
మాది కాదు. తెలిసిపోయింది.
మాది కాకపోయినందుకు కడుపులో మండింది,
సిగ్గు విడిచి చెబుతున్నా.

ఒసియెల్ గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ చేత్తో పట్టుకుని.
పంతొమ్మిదేళ్లుగా మా తోటలో కొమ్మలు కత్తిరిస్తున్నాడు,
పొరుగు దేశం వైన్ నోట పెట్టి ఎరగడు.
నాలుగోది అతని చేతికిచ్చాను.
ఊయలేదు. మింగాడు. చాలాసేపు కొండకేసి చూశాడు.

"ఇది ఏటవాలు మీద పెరిగింది.
కోసినవాడికి మోకాళ్ల నొప్పులుండి ఉంటాయి."

దోన్ ఎవరిస్తో నవ్వాడు.
మేజోడు లాగాం.
ఫ్రాన్సు. ట్రాక్టరెక్కని గుట్ట.
తీగకో కర్ర, ప్రతి కర్ర దగ్గరా వంగిన ఒక నడుము.
నవ్వు మధ్యలోనే ఆగింది.

ఒసియెల్ రెండోది అడిగి తీసుకున్నాడు.
"ఇది మనదమ్మా.
సాయంత్రం గాలి ఉంది చూడు, నిలవనివ్వదు.
ఇంకా కూర్చోవడం రాలేదు దీనికి."
చిరుగు మేజోడు విప్పితే మాదే.

మార్కుల కాగితం బల్లమీద ఉండిపోయింది.
మాకు మూడో స్థానం, అర మార్కు తేడా.
ఎవరికంటే పైన, ఎవరికంటే కింద
అని దోన్ ఎవరిస్తో వివరిస్తూనే ఉన్నాడు.
నేను మాత్రం
ఆ ఫ్రాన్సు గుట్టమీద ముక్కు తుడుచుకుంటూ
చలికి కత్తెర జారవిడిచే మనిషి
పేరేమిటా అని ఆలోచిస్తున్నాను.

తెల్లారి ఒసియెల్ తోటకెక్కాడు
అవే మేజోళ్లతో.
రాత్రి భార్య ఉతికిందట, పోలేదట.
మడమ మీద ఊదారంగు మరక.
ఏ సీసాదో అతనికీ తెలీదు,
నాకూ తెలీదు.
కత్తెర చప్పుడు మొదలైంది, పై వరసలోంచి.