ఏటవాలు గీత

మా ట్యాంకు డివిజన్ మొత్తం ఒక్క కాగితంలో పట్టేది.
పట్టించింది నేనే. గుమాస్తాను.
స్కాట్లండ్‌లో, ఫైఫ్ తీరాన, ఉన్ని గిడ్డంగి మేడ మీద
చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే టైపు చేశాను:
మూడు ట్యాంకు పటాలాలు, ముందు వెళ్ళి దారి చూసేది ఒకటి,
కాల్బలం, ఫిరంగులు,
వంతెనలు వేసేవాళ్ళు, తీగలు లాగేవాళ్ళు,
పళ్ళ డాక్టరు ఒకడు, రొట్టెల బట్టీ ఒకటి.
పెట్టెలో పెట్టె, పెట్టె కింద పెట్టె.
"వంశవృక్షంలా ఉందోయ్" అన్నాడు మెకానిక్ ఓనుఫ్రీ,
"ఆడవాళ్ళు మాత్రం లేరు."

టైపు మిషను ఇంగ్లీషువాళ్ళది.
మా పోలిష్ పేర్లకు కావలసిన ఒక అక్షరం దానికి రాదు.
'ల' మీద ఏటవాలుగా చిన్న గీత పడితేనే అది 'వ' అవుతుంది.
గీత లేకపోతే మావెక్ కాస్తా మాలెక్.
అందుకని ప్రతి పేరుకూ కలంతో, చేత్తో,
గీత పెట్టేవాణ్ణి.
వేల మంది. నెలల తరబడి.
మణికట్టు నిద్రలో కూడా అలాగే కదిలేదట,
పక్క మంచం వాడు చెప్పాడు.

ఆగస్టులో నార్మండీ. కోతకొచ్చిన గోధుమ చేలు.
మొదటి రోజు సాయంత్రానికి నా ముందు మూడు గళ్ళు:
చనిపోయినవారు, గాయపడినవారు, గల్లంతు.
గల్లంతు అంటే ట్యాంకు ఎవరినీ తిరిగి ఇవ్వలేదని.
అదే కలం. అదే మణికట్టు.
ఈసారి గీత పేరు మొత్తానికీ, అడ్డంగా.

ఓనుఫ్రీ ట్యాంకులోకి బకెట్టుతో దిగేవాడు,
కిరసనాయిలుతో కడిగేవాడు, తెల్ల రంగు వేసేవాడు.
తెల్లారేసరికి నేను రాసేది: "తిరిగి వినియోగానికి సిద్ధం."
కొత్తగా ఎక్కే అయిదుగురు రంగు వాసన పీల్చి
ఏమీ అడిగేవారు కాదు.

కెనడా ఫిరంగి దళం ఒకటి మాకు జతపరచడమైనది.
తొమ్మిది రోజులకు విడదీయడమైనది.
బెల్జియంలో ఒక ఊళ్ళో, బేకరీ నడిపే వితంతువుకు
ఓనుఫ్రీని రెండు రాత్రులు జతపరచడమైనది.
ఇది మాత్రం దస్త్రంలో లేదు.

మనుషులు చాల్లేదు.
జర్మన్ యూనిఫాంలో పట్టుబడ్డవాళ్ళలో మావాళ్ళున్నారు,
సైలీషియా కుర్రాళ్ళు, బలవంతాన చేర్చుకోబడ్డవాళ్ళు.
కోటు మార్చి మా జాబితాలోకి తెచ్చారు.
ఆల్ఫోన్స్ మావెక్, పందొమ్మిదేళ్ళు.
ఆగస్టులో ఎటువైపు తుపాకీ పట్టుకున్నావని నేను అడగలేదు.
వాడి పేరుకూ అదే చిన్న గీత కావాలి, పెట్టాను.
నవంబరులో డచ్చి కాలువ ఒడ్డున
పెద్ద గీత కూడా నేనే పెట్టాను.
సిరా అయిపోతే పెన్సిలుతో.

మే నెలలో తుపాకులు ఆగాయి.
పటం తెచ్చి బల్ల మీద పరిచారు.
ఓనుఫ్రీ తన ఊరి కోసం వేలు జరుపుకుంటూ పోయాడు.
చిత్తడి నేలలు అక్కడే ఉన్నాయి, నది అక్కడే ఉంది,
సరిహద్దు గీత మాత్రం ఊరికి ఇటుపక్కకు వచ్చేసింది.
"ఈ గీత ఎవడు పెట్టాడు, గుమాస్తా?" అన్నాడు.
నావైపే చూశాడు, ఎందుకో.

ఆ తర్వాత రెండేళ్ళకు ఆఖరి కాగితం టైపు చేశాను.
పెట్టెలన్నీ ఖాళీ. కింద ఒకే వాక్యం:
డివిజన్ రద్దు చేయడమైనది.
రొట్టెల బట్టీ ఎవరికి అప్పగించారో
నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు కర్కాడీలో లినోలియం ఫ్యాక్టరీ.
అవిసె నూనె వాసన అన్నంలోకీ వస్తుంది.
మేస్త్రీ మంచివాడు, నోరు తిరగక గావెల్ అంటాడు.
నా పేరు గావెవ్.
జీతం కవరు మీద కూడా గావెల్ అనే అచ్చవుతుంది.
శుక్రవారం సాయంత్రం బస్సు కోసం నిలబడి
జేబులోంచి కలం తీస్తాను.
చేయి ఒక్క క్షణం ఆగుతుంది, ఏ గీతో గుర్తు చేసుకోవడానికి.
తర్వాత పెడతాను,
చిన్నది, ఏటవాలుగా.