పాటకు ముందు

ఆ ఇంటి తలుపు నాకు తెలీదు, పెట్టె తెలుసు.
ఆరేళ్లుగా వారానికి మూడు రోజులు
దాని రేకు మూత వేలితో ఎత్తి
ఉత్తరాలు జారవిడిచే దాన్ని.
డునీడిన్‌లో, వాగు పక్క లోయలో,
ఎండ కూడా అద్దెకు దిగినట్టు వచ్చిపోయే వీధి.

జూన్ నెలాఖరున గేటుకు బోర్డు కట్టారు:
వేలం, పద్దెనిమిదో తేదీ, ఒంటిగంటకు,
ముందే అమ్ముడుపోతే తప్ప.
ఆ చివరి మాట దగ్గర
నా బండి దానంతటదే ఆగింది.

నేనూ ఐలీ మూడుసార్లు వెళ్లి చూశాం.
ఆమె గోడలకు ముక్కు ఆనించి చెమ్మ వాసన పట్టింది.
నేను వంటింట్లో గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.
పదీ నలభైకి కొండ మీంచి ఎండ దిగి
సింకు మీద, కెటిల్ మీద, బల్ల అంచు మీద వాలి
పదకొండూ ఇరవైకి సర్దుకుని పోయింది.
నలభై నిమిషాలు.
"చాలు" అంది ఐలీ,
పదకొండేళ్లుగా దక్షిణం వైపు గదిలో
మేజోళ్ల మీద మేజోళ్లు తొడుక్కుని పడుకునే మనిషి.

వేలమంటే మాకు భయం.
కోటు వేసుకున్నవాడొకడు
ఒకటోసారి, రెండోసారి అంటుంటే
మన చెయ్యి మన మాట వినదు.
మా అన్న యూయన్ ట్రెయిలర్ కోసం వెళ్లి
పడవ పాడుకొచ్చాడు.
అందుకే పాటకు ముందే గొంతు విప్పుదామనుకున్నాం,
ముందరి కాళ్లకు బంధం వేద్దామని.

ఏజెంటు మోరాగ్ కాగితం తెచ్చింది.
"అంకె మీ ఇష్టం" అంది.
"అవతలివాళ్లు ఎంత అనుకుంటున్నారు?"
"అది నేను చెప్పకూడదు."
చెప్పకుండానే కనుబొమలతో
ఐదు లక్షల డాలర్ల దాకా ఎక్కింది.

నాకు ఆమె కనుబొమలు అక్కర్లేదు.
ఆ పెట్టెలో ఏం వేశానో ఇంకా చెప్పలేదు కదూ.
బ్యాంకు కవర్లు, కిటికీ ఉన్నవి.
మార్చిలో తెల్లవి, మేలో ఎర్రగీతవి,
జూన్‌లో సంతకం చేయించుకోవలసినవి.
చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక
ఫిన్లే పగలంతా ఇంట్లోనే ఉండేవాడు.
నా మిషను మీద వేలితో సంతకం పెడితే
చలికి వేలు కొంకర్లు పోయి
పేరులో సగం తెర బయట పడింది.
ఒకసారి కవరు లోపలి కాగితం కిందికి జారి
కిటికీలో బాకీ నిలబడింది.
చూడకూడదు. చూశాను.
నాలుగు లక్షల పది వేలు, గడువు తేదీతో సహా.

తెలిసిన అంకె జేబులో పెట్టుకుని
తెలియనట్టు బేరమాడటాన్ని ఏమంటారో
మా డిపోలో ఎవరూ నేర్పలేదు.
ఐలీకి చెప్పలేదు.
చెబితే ఆమె ఏ అంకె అంటుందోనని కాదు,
ఏ అంకె అంటే నేను సంతోషిస్తానోనని.

నాలుగు లక్షల అరవై ఒక్క వేలు రాశాను.
"నాలుగు ముప్పైతో మొదలెడదామనుకున్నాంగా?"
"నలభై నిమిషాల ఎండకి" అన్నాను.
అది అబద్ధం. పూర్తిగా అబద్ధం కూడా కాదు.

మర్నాడు చీకటి పడ్డాక మోరాగ్ ఫోను:
ఒప్పుకున్నాడు, అందుకని
వేలం ముందుకు జరిగింది, ఈ గురువారానికే.
మీ అంకే తొలి పాట.
"అంటే ఇల్లు మాది కాదా?"
"మీ పైన ఎవరూ పాడకపోతే మీదే."
తలుపు మూద్దామని వెళ్లి
బార్లా తెరిచి వచ్చాం.

బుధవారం. ఏటవాలు వాన.
సంచిలో ఆ ఇంటికి ఒక్కటే ఉంది,
సముద్రం బొమ్మ కార్డు. కార్డుకు కవరుండదు కదా:
'ఇక్కడ ఎండగా ఉంది, వచ్చెయ్యి.'
ఫిన్లే గేటు దగ్గరే ఉన్నాడు రబ్బరు బూట్లలో.
బోర్డు మీద అంటించిన కొత్త తేదీ
వానకి ఊడిపోతుంటే
అరచేత్తో అదిమి పట్టుకుని.
"బ్యాంకుదా?" అన్నాడు నావైపు చూడకుండా.
"కాదు."
ఆ పెట్టె దగ్గర ఈ ఏడాది
నేను పలికిన మొదటి మంచి మాట.

కార్డు అతని చేతికిచ్చి
ఆ కాగితం రెండో అంచు నేను అదిమాను.
నా పేరు అతనికి ఆఫరు మీద తెలుసు,
నా మొహం సంచితో తెలుసు.
రెండూ ఒకటేనని రేపు తెలుస్తుంది,
ఒంటిగంటకు, ఆ గదిలో
ఎవరో 'ఒకటోసారి' అన్నప్పుడు.